వాయుకేసరికి ఊపిరాడలేదు

రత్నకూట నగరంలోని అశ్వశాలను చూసిన పరదేశి ఎవడైనా అది గుర్రాలను కట్టే చోటంటే నమ్మడు. ఎర్రచందనపు స్తంభాలు, స్తంభం స్తంభానికీ దంతంతో చెక్కిన చిలకలు, చిలకల ముక్కుల నుంచి వేలాడే వెండి గంటలు. దిష్టి తగలకుండా కిటికీలన్నిటికీ అద్దాల పలకలు బిగించి, వాటి మీద పట్టుతెరలు దించారు. నేల మీద మోకాలి లోతున బంగారు వన్నె వరిగడ్డి పరిచారు. పైన అటక మీద దేవుడి మాన్యాల నుంచి తెచ్చిన ఎండుగడ్డి, పాతదాని మీద కొత్తది, కప్పును తాకేలా పేరుకుని ఉంది. పొద్దునా సాయంత్రమూ సాంబ్రాణి ధూపం శ్రావణమేఘంలా ఆ మందిరమంతా కమ్ముకునేది.

ఇంత వైభవం నడుమ, మనిషి ఎత్తున కట్టిన వెండి మేతగాడి ముందు నిలబడి, వాయుకేసరి దగ్గుతోంది.

పాలనురుగు లాంటి ఒళ్లు, కార్చిచ్చు రంగు జూలు. దాన్ని చూసిన వాళ్లెవరికైనా దీనికి పరుగెత్తడానికి ఈ భూమి చాలదేమో అనిపించేది. అంతటి గుర్రం మెడ ముందుకు చాచి, ముక్కుపుటాలు విప్పార్చి, ఒక్కొక్క ఊపిరికీ డొక్కలు ఎగరేస్తోంది.

గడ్డం పెంచి, ముతక పంచె కట్టి, మల్లడనే పేరుతో ఆ ఉదయమే గుర్రాల కొలువులో చేరిన శరభాంకుడికి ఆ దగ్గు వినేసరికి గుండె జారిపోయింది. అతడు సింధువార దేశపు రాకుమారుడు. అతడి చెల్లెలు మందారవల్లిని కరాళకేతుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయి లవణదుర్గంలో దాచాడు. వచ్చే అమావాస్యకు ఆమెను తన క్షుద్రదేవతకు బలి ఇస్తాడని వార్త. ఆ దుర్గం చుట్టూ ఎటు చూసినా ఉప్పుబయలే. పొద్దు పొడిచాక ఆ నేల రాయిలా గట్టిపడుతుంది. పొద్దు కుంకగానే మెత్తబడి, పైనున్న ప్రాణిని మింగేస్తుంది. ఉదయం బయలుదేరి అస్తమయంలోపు దాన్ని దాటిన గుర్రం లోకంలో ఒక్కటే. వెనుకటి రత్నకూట మహారాజును మోసుకుని అవలీలగా దాటి వచ్చిన ఈ వాయుకేసరి. భర్త పోయిన దుఃఖంలో ఉన్న రాణి తరళాక్షి ఆ గుర్రాన్ని ఎవరికీ ఇవ్వదు. అందుకే శరభాంకుడు దాన్ని అపహరించడానికి వచ్చాడు. కానీ పది అడుగులు నడిస్తే నిలబడి రొప్పే గుర్రాన్ని అపహరించి ఏం చేయాలి?

అశ్వశాలకు పెద్ద సాహిణి, గుర్రపువాళ్లందరి మీదా అధికారి, బయ్యన. మీసం నెరిసినా నడుం వంగని మనిషి. కొత్తవాడన్న జాలితో అతడే అంతా చెప్పాడు.

"రాజుగారు పోయిన కాణ్ణించీ ఇంతే, మల్లా. ఆయనున్నప్పుడు దండు వెంట తిప్పేవాళ్లం, చెట్టు కిందే కట్టేవాళ్లం. ఒక్కనాడు దగ్గి ఎరగదు. అమ్మగారు దీని కోసమే ఈ మేడ కట్టించారు. ఇందులోకొచ్చాక ఎవడో కిట్టనివాడు చేతబడి చేశాడు."

జవాబు ఆ మాటల్లోనే ఉంది. కానీ శరభాంకుడి చెవికి ఎక్కింది చేతబడి అన్న ఒక్క మాటే. కరాళకేతుడి చెయ్యి ఇక్కడిదాకా చాచుకుందని అతడు నిశ్చయించుకున్నాడు.

ఆనాటి నుంచి అతడి వెతుకులాట మొదలైంది. దాణాలో విషం కలుపుతున్నారేమోనని గుర్రానికి పెట్టే ఉలవలు తానే గుప్పెడు నమిలాడు. ఏమీ కాలేదు. నీళ్లలో ఉందేమోనని తొట్టి కడిగి, ఏటినీళ్లు స్వయంగా మోసుకొచ్చాడు. దగ్గు ఆగలేదు. భూతమేదో గడప దాటి వస్తోందేమోనని గడపలో ఇనుపమేకు దిగ్గొట్టాడు. మర్నాడు దగ్గు ఇంకా పెరిగింది. మిగతా గుర్రపువాళ్లు చామరాల్లాంటి చీపుళ్లతో ముప్పొద్దులా శాల ఊడుస్తుంటే, తానూ వాళ్లతో కలిసి, వాళ్లకంటే బలంగా, మూలమూలలా ఊడ్చాడు. ఊడ్చి చూసేసరికి గుర్రం కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి.

చివరికి బయ్యననే అనుమానించాడు. ఒకనాటి మధ్యాహ్నం ఆ ముసలాయన జీనుల కొట్టులోకి ఒంటరిగా వెళ్లడం చూసి పిల్లిలా వెంబడించాడు. లోపల బయ్యన మాంత్రికులతో మంతనాలు ఆడటం లేదు. గుర్రం పాత జీనును ఒళ్లో పెట్టుకుని ఏడుస్తున్నాడు. గుర్రానికి నయమయ్యేదాకా ఒంటిపూట భోజనమే చేస్తానని దాని మీద చెయ్యి వేసి మొక్కుకుంటున్నాడు. శరభాంకుడు సిగ్గుపడి వచ్చినదారినే వెనక్కి వచ్చేశాడు. ఇక ఎవరిని అనుమానించాలో అతడికి తోచలేదు.

అన్నిటికంటే వింత గొలిపే సంగతి మరొకటుంది. కడగడానికి రేవుకు తోలుకెళితే, కాసేపటికే వాయుకేసరి తలెత్తి సకిలించేది. డొక్కలు నెమ్మదించేవి. తిరిగి శాలలో అడుగుపెట్టి వెండి గాడిలో మూతి పెట్టిందో లేదో, మళ్లీ దగ్గు. చేతబడి రేవులో ఎందుకు పనిచేయదు? ఏరు దాటలేని మంత్రమా?

అలాంటి ఒక ఉదయం శరభాంకుడికి తెగింపు వచ్చింది. బయ్యన అటు తిరగగానే ఒక్క ఉదుటున గుర్రం వీపు మీదికి లంఘించి మడమలతో అదిలించాడు. అంతే, ఇసుకతిన్నెలు వెనక్కి పరుగెత్తాయి. రెల్లుపొదలు తెల్లని గీతలైపోయాయి. అడ్డొచ్చిన వాగును వాయుకేసరి తడి తగలకుండా దాటింది. వెనక కేకలు వినిపించాయి. నగరపు పొలిమేర రాళ్లు కనిపించాయి. తన పని ఇంత సులువుగా అయిపోయిందా అని అతడు ఆశ్చర్యపడేలోపే కింద గుర్రం గుండెలో ఈలలాంటి పిల్లికూత మొదలైంది. పరుగు నడకైంది. నడక నిలిచిపోయింది. పొలిమేర రాళ్ల ముందు అది కాళ్లు బారచాపి నిలబడి, నేలకు తల వాల్చి, దగ్గి దగ్గి సోలిపోయింది.

శరభాంకుడు దిగి, దాని మెడ నిమురుతూ, కళ్లెం పట్టుకుని వెనక్కి నడిపించాడు. గుర్రం బెదిరి పారిపోయిందనీ, ప్రాణాలకు తెగించి మల్లడు దాన్ని పట్టి తెచ్చాడనీ అనుకున్న బయ్యన అతణ్ణి కావలించుకున్నాడు. దొంగతనానికి దక్కిన ఆ మెప్పును ఏ ముఖంతో అందుకోవాలో శరభాంకుడికి తెలియలేదు. గుర్రం రోగిష్టిదంటే ఏటి ఒడ్డున గాలిలా పరుగెత్తింది. ఆరోగ్యంగా ఉందంటే పొలిమేర దాటలేకపోయింది. ఆకాశంలో చంద్రుడు మాత్రం రోజురోజుకూ తరిగిపోతున్నాడు.

శత్రువు ఎవడో శాలలోకే వచ్చి పోతున్నాడన్న ఆలోచన అతణ్ణి వదల్లేదు. మర్నాడు మధ్యాహ్నం, పనివాళ్లంతా భోజనాలకు వెళ్లిన వేళ, దాచిన కత్తి తీసుకుని అటక ఎక్కి ఎండుగడ్డి మోపుల వెనక పొంచి కూర్చున్నాడు. గడ్డి పైకి బంగారంలా ఉంది గాని, చెయ్యి పెడితే లోపల ముక్కిపోయి బూజు కొట్టింది. కదిలితే చాలు, బూడిదలాంటి నుసి లేస్తోంది. కాసేపటికి అతడి గొంతు గీరుకుపోయింది. తుమ్ము ఆపుకోవడానికి ముక్కు నులుముకుంటుండగా కింద తలుపు కిర్రుమంది.

కాషాయం కట్టి, జడలు ముడేసిన బైరాగి ఒకడు దొంగ అడుగులు వేసుకుంటూ లోపలికి వచ్చాడు. చేతిలో కపాలం చెక్కిన దండం ఉంది. గుర్రం చుట్టూ విభూతితో ముగ్గు గీయడం మొదలుపెట్టాడు.

శరభాంకుడు కత్తి దూసి అటక మీది నుంచి దూకాడు. దూకినవాడితో పాటు గడ్డిమోపులూ జారి, కొండచరియ విరిగినట్టు శాలలో పడ్డాయి. నుసి గుప్పున లేచి మందిరాన్ని ముంచేసింది. ఎదుటివాడు కనబడడు, చేతిలోని కత్తి కనబడదు. బైరాగి దండం గుడ్డిగా తిప్పాడు. అది శరభాంకుడి చెవి పక్కగా దూసుకుపోయి స్తంభానికి తగిలి, రెండోసారి తిప్పేసరికి కిటికీ తెరను చించి అద్దాన్ని భళ్లున పగలగొట్టింది. శరభాంకుడు చప్పుడును బట్టి దూకి, వాడి జడలు దొరకబుచ్చుకుని నేల మీద కూలదోసి, రొమ్ము మీద మోకాలు ఆనించాడు. బెదిరిద్దామంటే మాట రాలేదు. దగ్గు వచ్చింది. కిందివాడూ దగ్గుతున్నాడు. గుర్రమూ దగ్గుతోంది. కాసేపు ఆ శాలలో శత్రువు, మిత్రుడు, పశువు అనే భేదం లేకుండా ముగ్గురూ దగ్గారు.

"చెప్పు, ఏం మంత్రం వేశావు?" అన్నాడు శరభాంకుడు ఎట్టకేలకు.

వాడి పేరు భస్మకుడు. కరాళకేతుడి శిష్యుడు. కత్తిమొన గొంతుకు తగులుతుంటే అబద్ధమాడే ధైర్యం వాడికి లేకపోయింది.

"గురువుగారు గుర్రాన్ని పడగొట్టమని పంపిన మాట నిజమే. కానీ నేనొచ్చేసరికే ఇది దగ్గుతోంది. నా మంత్రం ఈనాటికీ పారలేదు. అది నా మంత్రమే అనుకుని భేష్ అని గురువుగారు కబురు పంపితే, కాదనడానికి నోరు రాలేదు."

"మరి ఎవరు చేశారు?"

"అదే నాకూ అంతుపట్టడం లేదు," అన్నాడు భస్మకుడు, నిజంగానే దిగులుగా.

ఇన్నాళ్లూ శరభాంకుడు శత్రువును పట్టుకుంటే చిక్కు విడిపోతుందనుకున్నాడు. శత్రువు దొరికాడు, చిక్కు అలాగే ఉంది. ఏం చేయాలో తోచక గుర్రం వైపు చూశాడు.

వాయుకేసరి పలుపుతాడు తెగేలా గుంజుతోంది. పగిలిన కిటికీ వైపు మెడ చాచి, ఆ కన్నంలో ముక్కు దూర్చి బయటి గాలి పీలుస్తోంది. దాని మెడ పక్క నుంచి ఎండ ఏటవాలుగా లోపలికి పడింది. ఆ వెలుగు పట్టీలో ధూళి సుడులు తిరుగుతూ, పాలల్లో కలిపిన పిండిలా చిక్కగా ఆడుతోంది. పట్టుతెరల చీకట్లో ఇన్నాళ్లూ అది ఎవరికీ కనబడలేదు. శరభాంకుడు తన రొమ్ము మీద చెయ్యి వేసుకున్నాడు. లోపల సన్నగా పిల్లికూత. గుర్రం డొక్కల్లో వినపడేదే.

అతడికి నమ్మబుద్ధి కాలేదు. ఇంత మందిరమూ, ఇంత ప్రేమా, ఇంత శుభ్రమూ కలిసి తెచ్చిపెట్టినది ఈ దుమ్మునా?

అలికిడికి భటులతో బయ్యన పరుగెత్తుకొచ్చాడు. పగిలిన అద్దం, చిందరవందరైన గడ్డి, కత్తితో మల్లడు, కిందపడ్డ బైరాగి. భస్మకుడు క్షణం ఆలస్యం చేయకుండా, గుర్రానికి చేతబడి చేసినవాడు వీడేనని గొల్లుమన్నాడు. శరభాంకుడు దుమ్ము గురించి చెప్పబోతే బయ్యన మండిపడ్డాడు. ముప్పొద్దులా ఊడ్చే చోట దుమ్ము ఎక్కడిదని అడిగాడు. భటులు ఇద్దరినీ కట్టి రాణి ముందుకు ఈడ్చుకెళ్లారు.

రాణి తరళాక్షి నగలు లేని మెడతో, నిద్రలేని కళ్లతో సింహాసనం మెట్టు మీదే కూర్చుని విన్నది. శరభాంకుడికి ఇక వేషం నిలుపుకునే ఓపిక లేదు. తానెవరో, ఎందుకు వచ్చాడో, ఏటి ఒడ్డున ఏం చేయబోయాడో ఏమీ దాచకుండా చెప్పాడు. ఆ తరవాత ఎండలో తాను చూసిన ధూళి సంగతీ చెప్పాడు. పక్కనున్న బయ్యన ముఖం పాలిపోయింది.

"నా గుర్రాన్ని ఎత్తుకుపోవడానికి వచ్చినవాడివి, దానికి వైద్యం చేస్తానంటున్నావు. నేను దేన్ని నమ్మాలి?" అంది రాణి.

"రెండూ నిజమే, మహారాణీ. వాటిని ఎలా కలపాలో నాకే తెలియడం లేదు."

ఆమె గొంతు తగ్గింది. "ఆయన గుర్తుగా మిగిలింది అదొక్కటే. గాలి సోకనివ్వకుండా కాపాడుకున్నాను. దాని గొంతు నేనే నులిమానంటావా?"

రాణి లేచి నేరుగా అశ్వశాలకు నడిచింది. పగిలిన కిటికీ దగ్గర ముక్కు పెట్టి నిలబడ్డ వాయుకేసరిని చూసింది. ఆ వెలుగులో ఆడుతున్న ధూళిని చూసింది. మొదటి పట్టుతెరను తన చేత్తోనే లాగి కింద పడేసింది.

భస్మకుణ్ణి చెరలో వేశారు. గుర్రానికి నయమైతే శరభాంకుడు దాన్ని ఎక్కి వెళ్లవచ్చు. దానికి ప్రాణాపాయం కలిగితే అతడి తల తెగుతుంది. అదీ రాణి ఆజ్ఞ.

అప్పటి నుంచి ఆ శాల యుద్ధభూమిలా మారింది. అద్దాల పలకలు ఊడదీసి కిటికీలన్నీ బార్లా తెరిచారు. అటక మీది గడ్డిని దూరంగా, గాలివాటుకు అవతల పాకలోకి తరలించి, బూజు పట్టినదాన్ని తగలేశారు. పరిచిన వరిగడ్డి ఎత్తిపారేసి, వడ్రంగులు చిత్రిక పట్టగా రాలిన చెక్కపొరలను జల్లెడ పట్టి, నుసి పోయాక మెత్తగా పరిచారు. ఊడ్చే ముందు గుర్రాన్ని బయటికి తోలి, నేల మీద నీళ్లు చిలకరించి, ధూళి పూర్తిగా అణిగాక గాని లోపలికి తేలేదు. జూలు దువ్వడమూ ఒళ్లు తోమడమూ చెట్టునీడకు మారాయి. సాంబ్రాణి కుండలు కొట్టు ఎక్కాయి. గడ్డిని తొట్టిలో నానబెట్టి, నీళ్లోడుతుండగానే పెట్టారు. ఉలవలూ తడిపే పెట్టారు. మెడ ఎత్తి మేయకుండా, పచ్చికలో మేసినట్టు తల దించి తినేలా, వెండి గాడి తీసేసి నేల మీద రాతితొట్టి ఉంచారు.

వాయుకేసరి దగ్గు తగ్గలేదు.

మొదట్లో శరభాంకుడు ఓర్చుకున్నాడు. తరవాత అతడికి అన్నం సయించలేదు. తాను పొరబడ్డాడా? భస్మకుడు అబద్ధమాడాడా? పగలు ఒక ఝాము హాయిగా ఉన్న గుర్రం, మధ్యాహ్నానికి ఎందుకు రొప్పుతోంది? చంద్రుడు కొడవలిలా సన్నబడ్డాడు. లవణదుర్గంలో చెల్లెలు దారి చూస్తూ ఉంటుంది. ఇక్కడ తాను గుర్రపు గడ్డి తడుపుతూ కూర్చున్నాడు.

ఇన్నాళ్లూ మూతి ముడుచుకుని, చెప్పిన పని చేస్తూ ఒక్క మాటైనా మాట్లాడని బయ్యన అప్పుడు వచ్చి అతడి చెయ్యి పట్టుకుని గోడ వెనక్కి లాక్కుపోయాడు. ఆ పక్క శాలలో రథాల గుర్రాలుంటాయి. గుర్రపువాడొకడు ఎండువరిగడ్డి కట్ట విప్పి దులుపుతున్నాడు. గోడ కప్పుదాకా లేదు. దులిపినకొద్దీ తెల్లని పొగలాంటి నుసి లేచి, గోడ మీదుగా ఇవతలికి దొర్లుతోంది.

"మన ఇల్లు అలుక్కుని పక్కింటి పొయ్యి మరిచాం, బాబూ," అన్నాడు బయ్యన. ఎదుటివాడు రాకుమారుడని తెలిశాక అతడు నోరు విప్పడం అదే మొదలు. "పొడిగడ్డి పరిచింది నేనే. బలంగా ఊడవమని అదిలించింది నేనే. ఇప్పుడన్నా నా చేత్తో బాగుచేయనివ్వు."

ఆ పూటే రథాల గుర్రాలన్నీ తోటలోకి మారాయి. వాటి గడ్డీ తడిసింది. బయ్యన తానే నీళ్లకుండ పట్టుకుని శాలంతా చిలకరించాడు. రోజులు గడిచేకొద్దీ వాయుకేసరి డొక్కల ఎగురు తగ్గింది. ముక్కు వెంట కారే చీమిడి ఆగింది. ఒకనాటి ఉదయం బయ్యన దాని రొమ్ముకు చెవి ఆనించి చాలాసేపు విని, పిల్లికూత వినపడక, తన చెవే చెడిందేమోనని శరభాంకుణ్ణి పిలిచి వినమన్నాడు. అతడికీ వినపడలేదు. ఆ రోజు బయ్యన రెండుపూటలా భోంచేశాడు.

అమావాస్య మర్నాడనగా, తొలివెలుగులో శరభాంకుడు ఉప్పుబయలు అంచున నిలబడ్డాడు. రాణి తన భర్త ఈటెను అతడి చేతికిచ్చి, గుర్రం నుదుటి మీద నుదురు ఆనించి, పక్కకు తప్పుకుంది.

సూర్యబింబం పొడుచుకురాగానే వాయుకేసరి కదిలింది. ఆకాశమూ నేలా ఒకే తెలుపైన ఆ శూన్యంలో ఒక్క జూలు మాత్రమే జ్వాలలా ఎగిరింది. పొద్దెక్కేకొద్దీ ఎండమావులు ఏనుగుల దండులై ఎదురొచ్చి, గుర్రం గిట్టల కింద కరిగిపోయాయి. ఎక్కడి నుంచో చెల్లెలి గొంతు అతణ్ణి ఎడమకు రమ్మని పిలిచింది. మరుక్షణం అదే గొంతు కుడికి రమ్మంది. అది కరాళకేతుడి మాయో, తన భ్రమో తేల్చుకోలేక అతడు కళ్లెం వదిలేసి దారి గుర్రానికే విడిచిపెట్టాడు. అది ఎటూ తిరగకుండా ముక్కుకు సూటిగా పోయింది. ఒకచోట నేల చీలి నల్లని సర్పమొకటి తాటిచెట్టు ఎత్తున లేచింది. వాయుకేసరి దాని పడగ మీదుగానే ఎగిరి దాటింది. వెనక్కి తిరిగి చూస్తే పాము లేదు, చీలిక మాత్రం ఉంది.

పడమటి ఎరుపులో లవణదుర్గం కోటకొమ్ములు కనిపించేసరికి సూర్యుడు సగం మునిగాడు. గుర్రం నురగలు కక్కుతోంది, ఒళ్లంతా చెమట. కానీ ఊపిరి మాత్రం పెద్దగా, నిండుగా, ఒక్క గీరైనా లేకుండా వస్తోంది. వెనక నేల మెత్తబడటం మొదలైంది. గిట్టలు దిగిన గుంటల్లో నీరు ఊరుతోంది. శరభాంకుడు ఆఖరి పరుగు తీయించి కోట గుమ్మం రాతిమెట్టు ముందు ఆగాడు.

తలుపులు వాటంతట అవే తెరుచుకున్నాయి. లోపల భటుల నడుమ, ఉక్కు కవచం తొడుక్కుని, చేత ఈటె పట్టుకుని మందారవల్లి నిలబడి ఉంది. సంకెళ్లు లేవు, గాయం లేదు. శరభాంకుడు గుర్రం దిగి రెండు చేతులూ చాచాడు. ఆమె ఈటెమొన అతడి గొంతుకు ఆనించింది.

"ఎవరు నువ్వు?"

"చెల్లీ, నేను. శరభాంకుణ్ణి."

ఆ పేరును ఆమె ఒకసారి మెల్లగా పలికి చూసుకుంది. భటుల వైపు తిరిగి, మీలో ఎవరైనా ఈ పేరు విన్నారా అని అడిగింది. ఎవరూ వినలేదు. ఆమె కళ్లలో కోపం లేదు, కపటం లేదు. దారి తప్పి వచ్చిన పరదేశిని చూసే చూపు, అంతే. సంకెళ్లు వేయకుండానే కరాళకేతుడి మంత్రం ఆమె జ్ఞాపకాన్ని కట్టేసిందని శరభాంకుడికి అర్థమైంది.

వాయుకేసరి వెనకకాళ్లు మోకాళ్లదాకా దిగబడ్డాయి. వెనక్కి పోవడానికి ఇక నేల లేదు. శరభాంకుడు రాణి ఇచ్చిన ఈటెను జారవిడిచి, ఒక చేత్తో కళ్లెం బిగించి పట్టి గుర్రాన్ని లాగుతూ, ఇంకొక అడుగు ముందుకే వేశాడు. ఈటెమొన చర్మాన్ని చీల్చింది. ఆమె ఒక్క అడుగు వెనక్కి జరిగింది. అతడు మరొక అడుగు వేశాడు. ఒక్క ఊపుతో గుర్రం రాతిమెట్టు ఎక్కింది.

తలుపులు మూసుకున్నాయి. బయట సూర్యుడు కుంకాడు. ఆమె ఈటె అతడి గొంతు మీది నుంచి తొలగలేదు.